పీఎస్5 డిస్క్ డ్రైవ్ రివ్యూ: డిజిటల్ కొని పది వేలు మిగిలిందనుకునే వాళ్లు ఒకసారి చూడండి

నమస్తే అందరికీ, హనుమకొండ నుంచి మీ అన్నను. మొదలుపెట్టే ముందు ఒక మాట చెప్పేస్తా. నా చేతిలో ఉన్న ఈ డిస్క్ డ్రైవ్, అంటే డిస్క్ పెట్టే చోటు లేని 'డిజిటల్' పీఎస్5 (సోనీ ప్లేస్టేషన్ 5 గేమింగ్ మిషన్)కు విడిగా బిగించుకునేది, నేను కొన్నది కాదు. చౌరస్తా దగ్గర గేములమ్మే ఒక దుకాణం అన్న పంపించాడు. తిరిగి ఇవ్వక్కర్లేదన్నాడు. "జర మంచిగ చెప్పు తమ్మీ" అని కూడా అన్నాడు. మంచిగుంటే మంచిగనే చెప్తానన్నాను. వీడియో అయితే ముందుగా ఆయనకు చూపించలేదు.

స్పెక్స్ మీరు ఈపాటికి పది చోట్ల చూసేసి ఉంటారు, వాటి జోలికి పోను. ఒక్క హెచ్చరిక మాత్రం. ఇది పీఎస్5లో తర్వాత వచ్చిన సన్న మోడల్ స్లిమ్‌కూ, ఖరీదైన మోడల్ ప్రోకూ మాత్రమే సరిపోతుంది. 2020లో వచ్చిన మొదటి లావు పీఎస్5 డిజిటల్ ఉన్నవాళ్లు కొంటే డబ్బులు గంగలో పోసినట్టే. పీఎస్4 డిస్కులు ఆడుతుంది, 4కె బ్లూరే సినిమాలు ఆడుతుంది. ఇంట్లో ఉన్న పాత పాటల సీడీ పెడితే మాత్రం ఆడదు. మా నాన్న ఘంటసాల సీడీ తెచ్చి పక్కన నిలబడ్డాడు పాపం, ఏం చెప్పాలో తెలియలేదు.

నా దగ్గరున్నది డిస్క్ పెట్టే మోడలే. కాబట్టి టెస్టింగ్ అంతా సుబేదారిలో ఉండే మా చిన్నమ్మ కొడుకు కన్సోల్ మీద చేశాం. వాడిది డిజిటల్ స్లిమ్. 2024 ఏప్రిల్‌లో స్లిమ్ మన దేశానికి వచ్చినప్పుడు డిస్క్ మోడల్ 54,990, డిజిటల్ 44,990. పది వేలు తేడా. "అన్నా, గా సీడీలు ఇప్పుడెవడు కొంటున్నడే" అన్నాడు వాడు. లోకం లెక్కలో చూస్తే వాడి మాట నిజమే. సోనీ తన లెక్కల్లో తనే చెప్తోంది, అమ్ముడవుతున్న ఫుల్ గేముల్లో దగ్గర దగ్గర నాలుగింట మూడు వంతులు డౌన్‌లోడ్లే. 2024 నవంబర్‌లో బయటి దేశాల్లో ప్రో వచ్చింది. అప్పట్లో 700 డాలర్ల మిషన్, అందులో డ్రైవే లేదు. కావాలంటే ఇంకో 80 డాలర్లు పెట్టి ఇదిగో, దీన్ని విడిగా కొనుక్కోవాలి. పెళ్లి భోజనానికి పిలిచి విస్తరికి డబ్బులడిగినట్టుంది.

బిగించడం చాలా సులువు. పక్క ప్లేటు లాగితే ఊడొస్తుంది, డ్రైవ్ లోపలికి నెడితే టక్కుమని కూర్చుంటుంది. స్క్రూడ్రైవర్ అక్కర్లేదు. ఇక్కడిదాకా శభాష్.

ఇప్పుడు నా అసలు చిరాకు దగ్గరికి వద్దాం. డ్రైవ్ బిగించి, కన్సోల్ ఆన్ చేసి, డిస్క్ పెట్టగానే గేమ్ మొదలవుతుందనుకుంటున్నారా? అవదు. ముందు ఈ డ్రైవ్‌నూ ఆ కన్సోల్‌నూ జత చేయాలి, దానికి ఇంటర్నెట్ కావాలి. సరిగ్గా మేం బిగించిన రోజే గల్లీలో మోరీ పని నడుస్తోంది. నెట్ లేదు. కేబుల్ తమ్ముడికి ఫోన్ చేస్తే "అన్నా, జేసీబీ తెంపింది, రేపు పొద్దున్న చూస్తం" అన్నాడు. టీవీ ముందు ఇద్దరం, చేతిలో డిస్క్, మిషన్‌లో డ్రైవ్, స్క్రీన్ మీదేమో ఇంటర్నెట్‌కు కనెక్ట్ అవ్వండి అన్న ముక్క. చివరికి ఫోన్ హాట్‌స్పాట్ పెడితే నిమిషంలో అయిపోయింది. అంత చిన్న పని. మరి ఆ చిన్న పనికి కంపెనీ సర్వర్‌ను అడగడం దేనికి? నెట్‌తో పని లేకుండా ఆడుకుందామనే కదా మనిషి డిస్క్ కొనేది!

ఒక్కసారే కదా అంటారు. ఒప్పుకుంటా. కానీ ఇంకో పదిహేనేళ్ల తర్వాత ఆ సర్వర్ ఉంటుందా? 2021 మార్చిలో తన పాత మిషన్లు పీఎస్3, వీటాల ఆన్‌లైన్ గేము స్టోర్లు మూసేస్తామని ఇదే కంపెనీ ప్రకటించింది. జనం గగ్గోలు పెడితే నెల తిరగకముందే వెనక్కి తగ్గింది. నింటెండో కంపెనీ అయితే 2023 మార్చిలో తన పాత మిషన్లు 3డీఎస్, వీయూల స్టోర్లు మూసేసింది, ఎవరు మొత్తుకున్నా ఆగలేదు. ఎక్స్‌బాక్స్ 360 స్టోరు 2024 జూలైలో పోయింది. అందుకే చెప్తున్నా, డ్రైవ్ కొంటే ఆ రోజే బిగించి జత చేసేయండి. తర్వాత చూద్దామని అట్టపెట్టెలో దాచకండి.

సరే, జత అయింది. ఇప్పుడు మంచి మాటలు. ఇవి కొంచెం ఎక్కువసేపే చెప్తా, ఎందుకంటే నాకు డిస్క్ మీద ప్రేమ అంతా ఇక్కడే ఉంది.

సోనీ సొంత గేము కొత్తగా వచ్చిందంటే 4,999 చూస్తున్నాం. గాడ్ ఆఫ్ వార్ రాగ్నరాక్ అంతే, స్పైడర్‌మ్యాన్ 2 అంతే. డౌన్‌లోడ్ చేసుకున్నా అదే ధర. అట్ట లేదు, డబ్బా లేదు, లారీ కిరాయి లేదు, దుకాణం అన్న కమిషన్ లేదు, అయినా ధర పైసా తగ్గదు! పైగా డౌన్‌లోడ్ మొదలుపెట్టాక నచ్చలేదని డబ్బు వాపసు అడిగితే, గేములో లోపముంటే తప్ప ఇవ్వరు. డిస్క్ అయితే ఆట అయిపోగానే ఊళ్లో తిరగడం మొదలుపెడుతుంది.

ఇదిగో, ఈ డిస్క్ చూడండి. కెమెరా దగ్గరికి పెడుతున్నా. డబ్బా లోపలి కాగితం మీద పెన్నుతో మూడు పొడి అక్షరాలు కనిపిస్తున్నాయా? మొదటిది నాది. రెండోది కాజీపేట రైల్వే క్వార్టర్స్‌లో ఉండే ఫ్రెండుది. మూడోది కరీంనగర్ తమ్ముడిది, మొహం కూడా చూడలేదు వాడిది. బస్టాండులో ఆర్టీసీ కార్గోలో వేస్తే సాయంత్రానికల్లా అందింది, వాడు ఫోన్లో డబ్బులు కొట్టాడు. నేను పూర్తి ధరకు కొన్నది మూడు వేలకు పోయింది, వాడు రెండున్నరకు అమ్మాడు, ఇప్పుడు తిరిగి తిరిగి టెస్టింగ్ కోసం నా చేతికే వచ్చింది. కొనే ముందు ప్రతివాడూ చేసే పని ఒకటే. డిస్క్ వెనక్కి తిప్పి, ట్యూబ్‌లైట్ కింద వంచి, గీతలున్నాయా అని చూడటం. బ్లూరే మీద గట్టి పూత ఉంటుంది కాబట్టి పాత డీవీడీల్లా తొందరగా గీతలు పడవు. చూడండి, ఇన్ని చేతులు మారినా అద్దంలా ఉంది.

మా తమ్ముడు డిజిటల్ వాడు కదా, వాడికీ అడ్డదారి దొరికింది. ఆన్‌లైన్ గ్రూపుల్లో 'సెకండరీ అకౌంట్' అని అమ్ముతుంటారు. వాళ్ల అకౌంటుతో లాగిన్ అయ్యి ఆడుకోవడం. సగం కంటే తక్కువ ధరకే వస్తుంది. రెండు నెలలు ఆడాడు, ఒకరోజు పాస్‌వర్డ్ మారిపోయింది, అమ్మినవాడి నంబర్ స్విచాఫ్. ఎవడి మీద కంప్లైంట్ ఇవ్వాలి? పేరు తెలియదు, ఊరు తెలియదు. డిస్క్ అమ్మినవాడు కనీసం ఏదో ఒక బస్టాండులో దొరుకుతాడు.

నేను ఈ ఆటల్లోకి వచ్చింది క్యాసెట్ల కాలంలో. 9999 ఇన్ 1 అని గేము క్యాసెట్ ఉండేది, లోపల చూస్తే కాంట్రా అనే ఒక్క ఆట పేరే ముప్పై వరసల్లో వస్తుంది. తర్వాత నయీంనగర్‌లో గంటకింత అని పీఎస్2 పార్లర్లు. కాలేజీకి వచ్చాక ఒరిజినల్ గేము కోసం కాజీపేటలో రైలెక్కి సికింద్రాబాద్ వెళ్లి, ప్యారడైజ్ దగ్గర సీటీసీ కంప్యూటర్ మార్కెట్లో దుకాణం దుకాణం బేరమాడి, తిరుగు రైల్లో సీలు విప్పి ఆ చిన్న పుస్తకం చదువుకుంటూ రావడం. ఇప్పుడు డబ్బా విప్పితే పుస్తకం ఉండదు, ఒక కాగితం ముక్క ఉంటే ఎక్కువ.

కాగితం పోతే పోనీ, డిస్క్‌లో గేము అన్నా ఉందా? 2022లో వచ్చిన 'కాల్ ఆఫ్ డ్యూటీ: మోడర్న్ వార్‌ఫేర్ 2' గేము పీఎస్5 డిస్క్‌లో ఉన్నది డెబ్బై ఎంబీల చిల్లర. మిగతాదంతా నెట్‌లోనే. నింటెండో కొత్త మిషన్ స్విచ్ 2 వచ్చాక 'గేమ్ కీ కార్డు' అని ఇంకో పద్ధతి పెట్టారు. కార్డు చేతికొస్తుంది, అందులో గేము ఉండదు, డౌన్‌లోడ్ చేసుకోవడానికి తాళంచెవి ఉంటుంది. కానీ ఆ కార్డును ఇంకొకరికి అమ్ముకోవచ్చు, అదొక్కటే నయం. యూబీసాఫ్ట్ కంపెనీ గేము 'ది క్రూ' గుర్తుందా? 2014 గేము. 2024 మార్చి 31న సర్వర్లు ఆపేశారు, అవి లేకపోతే ఆ గేమే నడవదు. డిస్క్ కొన్నవాడిదీ, డౌన్‌లోడ్ చేసినవాడిదీ ఒకే గతి. ఆ కోపంలోంచే 'స్టాప్ కిల్లింగ్ గేమ్స్' ఉద్యమం పుట్టింది. కాలిఫోర్నియాలో 2025 నుంచి చట్టమే ఉంది, 'కొనండి' అని బటన్ పెడితే ఇది లైసెన్స్, అంటే వాడుకునే అనుమతి మాత్రమేనని పక్కనే చెప్పాలి. మన దగ్గర ఆ మాట చెప్పే దిక్కు కూడా లేదు. అందుకని డిస్క్ కొనే ముందు మొత్తం గేము అందులో ఉందా లేదా చూసుకోండి. ఉంటే కొనండి. డెబ్బై ఎంబీల సరుకైతే నేనైతే అమ్ముకోవడానికి తప్ప దాచుకోవడానికి కొనను.

డౌన్‌లోడ్‌ను అంతగా తిట్టను, ఒక్క విషయంలో దానికే ఓటు. 2023 జూలై వరదల్లో హంటర్ రోడ్డు వైపు ఉండే మా ఫ్రెండు ఇంట్లోకి నీళ్లొచ్చాయి. అల్మారాలో గేములన్నీ మునిగాయి. కాగితాలన్నీ ముద్దయిపోయాయి. డిస్కులు మంచినీళ్లతో కడిగి, స్టీలు పళ్లేల్లో నీడకు ఆరబెట్టాడు, చాలావరకు ఆడాయి. పక్కింటి కుర్రాడిది కన్సోలే పోయింది, కొత్తది కొని లాగిన్ అవ్వగానే వాడి గేములన్నీ లైబ్రరీలో అలాగే ఉన్నాయి. వందల జీబీలు దించడానికి రోజులు పట్టిందనుకోండి. వంద జీబీ గేముకు 40 ఎంబీపీఎస్ నెట్ మీద ఐదున్నర గంటలు, అదీ మధ్యలో కరెంటు పోకపోతే.

ఇక తేల్చేద్దాం. ఏడాదికి మూడు నాలుగు పెద్ద గేములు కొనే వాళ్లు, చుట్టూ ఆడే ఫ్రెండ్స్ ఉన్నవాళ్లు, కళ్లు మూసుకుని ఈ డ్రైవ్ కొనండి. ఒక్కో డిస్క్ అమ్మితే రెండు వేలు వెనక్కొచ్చినా, ఐదు గేములకు ఆ పది వేల తేడా చెల్లు. ఎఫ్‌సీ అనే ఫుట్‌బాల్ గేము ఒక్కటే ఏడాది పొడవునా ఆడేవాళ్లకు, ఫ్రీ గేములతో కాలం గడిపేవాళ్లకు వద్దు, ఆ డబ్బుతో ఇంకో కంట్రోలర్ తీసుకోండి. ఆ జత చేసే తతంగం చూస్తే మాత్రం నాకిప్పటికీ ఒళ్లు మండుతోంది, అందుకు రెండు మార్కులు కోసేస్తున్నా. పదికి ఎనిమిది. దుకాణం అన్నా, ఇంతకన్నా పెంచలేను, ఏమనుకోకు.

డ్రైవ్ తమ్ముడికే ఇచ్చేశాను. వాడు నా దగ్గర మూడు డిస్కులు పట్టుకుపోయాడు, తెచ్చిచ్చే ఆశ లేదు. మీ ఊళ్లో, జగిత్యాల కావచ్చు, మంచిర్యాల కావచ్చు, ఖమ్మం కావచ్చు, సెకండ్ హ్యాండ్‌లో రాగ్నరాక్ ఇప్పుడు ఎంతకు నడుస్తోందో కింద రాయండి. ఫోన్ నంబర్లు మాత్రం కామెంట్లలో పెట్టకండి, పోయినసారి పెట్టిన వాళ్లకు లోన్ ఇస్తామని కాల్స్ మొదలయ్యాయట.