ప్లేటైమ్ రివ్యూ: జాక్ టాటీ కట్టించిన ఊరు, మిగిలిన అప్పు

నమస్కారం అండీ. ముందు ప్లేటైమ్ అనే ఫ్రెంచి సినిమాలోంచి ఒక్క సీన్ చూద్దాం. పొడవాటి ఆఫీసు కారిడార్. ఆ చివర చీమంత మనిషి ఒకాయన బయల్దేరాడు. ఈ చివర ఒక ముసలి బంట్రోతు, గోడకి ఇవతల కుర్చీలో ఈ సినిమా హీరో ఉలో. బూట్ల చప్పుడు టకటకా వినబడగానే ఉలో లేచి నిలబడతాడు. అప్పుడే ఎందుకయ్యా, కూర్చో అన్నట్టు బంట్రోతు సైగ చేస్తాడు. టకటక, టకటక. ఆయన వస్తూనే ఉంటాడు, ఎంతకీ రాడు. కట్ లేదు, క్లోజప్ లేదు. కారిడార్ మనకి కనబడుతుంది, ఉలోకి కనబడదు, చెవికి చప్పుడు మాత్రమే అందుతుంది. నవ్వంతా ఆ తేడాలోంచే పుడుతుంది.

1967లో వచ్చిన ప్లేటైమ్ అంతా ఇదే లెక్క. దర్శకుడూ, ఉలో వేషం కట్టిందీ ఒక్కరే, జాక్ టాటీ.

అసలు పేరు జాక్ టాటిషెఫ్, తాత రష్యన్. 1907లో పారిస్ పక్కన లె పెక్‌లో పుట్టాడు. వాళ్ళ నాన్నది పటాలకి ఫ్రేములు కట్టే వ్యాపారం. ఫ్రేము విషయంలో కొడుకు చాదస్తం చూస్తే, వంశపారంపర్యం అనుకోవాల్సిందే! కుర్రతనంలో రగ్బీ ఆడాడు. తర్వాత 1930ల్లో మ్యూజిక్ హాళ్ళలో మూకాభినయం. టెన్నిస్ ఆటగాడు, బాక్సర్, గోల్‌కీపర్, గుర్రమూ దాని మీద రౌతూ, అన్నీ తనే. మాట లేకుండా ఒళ్ళుతోనే కథ చెప్పడం అక్కడే వంటబట్టింది.

పాతికేళ్ళలో తీసినవి ఆరే ఆరు పెద్ద సినిమాలు. మొదటిది జూర్ ద ఫెత్, పల్లెటూరి పోస్ట్‌మాన్ కథ. 1947లో సాంత్ సెవేర్ అనే ఊళ్ళో తీశారు. థామ్సన్‌కలర్ అని అప్పుడే వచ్చిన రంగు పద్ధతి వాడదామనుకున్నాడు. ఎందుకైనా మంచిదని పక్కన బ్లాక్ అండ్ వైట్ కెమెరా కూడా పెట్టించాడు. అదే కాపాడింది. షూటింగ్ అయ్యాక చూస్తే, ఆ రంగు ఫిల్మ్ నుంచి ప్రింట్లు తీయడం వాళ్ళ వల్ల కాలేదు. 1949లో బ్లాక్ అండ్ వైట్‌లోనే విడుదల చేశారు. ఆ రంగులు జనం చూసింది 1995లో, ఆయన కూతురు సోఫీ పూనుకుని బాగుచేయించాక. అప్పటికి ఆయన పోయి పదమూడేళ్ళు.

1953లో వచ్చిన ముస్యూ ఉలో సెలవుల సినిమాతో ఉలో పుట్టాడు. పొట్టి ప్యాంటు, పైపు, ముందుకి వంగిన నడక. అందులో ఒక సీన్: ఉలో పాత కారు స్మశానం దగ్గర ఆగిపోతుంది. తీసిన టైరు ట్యూబు తడి ఆకుల్లో పడి, చుట్టూ ఆకులు అంటుకుంటాయి. అంత్యక్రియల కొచ్చినవాళ్ళు అది పూలచక్రం అనుకుని చక్కగా అందుకుంటారు. ఎవరూ జోకు వేయరు. వస్తువే ఇంకో వస్తువైపోతుంది. టాటీ కామెడీకి మూలసూత్రం ఏదంటే నేను దీన్నే చూపిస్తాను.

1958లో వచ్చిన తర్వాతి సినిమా మోనోంక్ల్‌కి ఆస్కార్ దక్కింది, విదేశీ చిత్రాల విభాగంలో. అందులో ఒక కొత్త మోస్తరు ఇంటి తోటలో చేప బొమ్మ ఫౌంటెన్ ఉంటుంది. గొప్పింటి చుట్టాలొస్తేనే స్విచ్ వేస్తారు, మామూలువాళ్ళయితే కట్టేస్తారు. ఆ సినిమా గురించి ఇంతకన్నా చెప్పక్కర్లేదు.

ఆ పేరు, ఆ డబ్బు చూసుకుని ప్లేటైమ్ మొదలుపెట్టాడు. గాజు మేడలున్న ఆధునిక పారిస్ కావాలి. నిజం ఆఫీసుల్లో, ఎయిర్‌పోర్టుల్లో అన్ని రోజులు తీయనివ్వరు కదా. అందుకని పారిస్ శివార్లలో, వాన్‌సెన్ అడవి దగ్గర ఏకంగా ఒక ఊరే కట్టించాడు. జనం దానికి టాటీవిల్ అని పేరు పెట్టారు. రోడ్లు, ట్రాఫిక్ లైట్లు, పనిచేసే ఎస్కలేటర్, సొంత కరెంటు ప్లాంటు. కొన్ని మేడల్ని పట్టాల మీద జరిపేలా కట్టారు, ఒకే మేడ రేపు ఇంకో వీధిలో నిలబడుతుంది. గాలివాన వచ్చి సెట్ దెబ్బతింది. మధ్యమధ్యలో డబ్బు అయిపోయి షూటింగ్ ఆగింది. మొత్తానికి మూడేళ్ళు పట్టింది.

చూసేటప్పుడు ఒక పని చేయండి, వెనకాల ఉన్న జనాన్ని గమనించండి. కొందరు అస్సలు కదలరు. వాళ్ళు మనుషులు కాదు, నిలువెత్తు ఫొటోలు కత్తిరించి నిలబెట్టిన అట్టబొమ్మలు!

సినిమాని 70 ఎంఎం అనే వెడల్పాటి ఫిల్మ్ మీద తీశాడు. ఎందుకంటే, ఒకే ఫ్రేములో నాలుగైదు చోట్ల నాలుగైదు సంగతులు జరుగుతాయి. ఎటు చూడాలో ఆయన చెప్పడు, మీరే వెతుక్కోవాలి. అందుకే ఫోన్‌లో చూస్తే ఇది చచ్చిన సినిమా. మూలన జరిగేది బియ్యపు గింజంత కూడా కనబడదు. పెద్ద టీవీ ఉండాలి, లైట్లు ఆపాలి, మంచి స్పీకర్లో హెడ్‌ఫోన్లో ఉండాలి. సబ్‌టైటిల్స్ లేకపోయినా ఫర్వాలేదు, మాటలు ఇక్కడ గుంపులో రొద లాంటివే. చప్పుళ్ళు మాత్రం షూటింగ్ అయ్యాక ఒక్కొక్కటీ విడిగా చేర్చినవి. వెయిటింగ్ రూమ్ కుర్చీ నొక్కితే బుస్సుమని దిగి, టప్పుమని పైకి లేస్తుంది. అది గట్టిగా వినబడాలి, పక్కనే వీధిలో కార్లు పోతున్నా చప్పుడు రాకూడదు. ఏది వినాలో ఆయనే తేల్చేశాడు.

రెండో సగంలో రాయల్ గార్డెన్ హోటల్. పని పూర్తికాకుండానే తలుపులు తెరిచేశారు. నేల పలక వెయిటర్ బూటుకి అంటుకుని వచ్చేస్తుంది. కుర్చీల వీపున ఉన్న కిరీటం బొమ్మ కూర్చున్నవాళ్ళ కోట్ల మీద అచ్చు పడుతుంది. ఒకే చేప మీద వెయిటర్లు ఒకరి తర్వాత ఒకరు మసాలా చల్లిపోతారు. ఉలో గుద్దుకుని గాజు తలుపు భళ్ళున పగిలిపోతే, దర్వాన్ దాని గుండ్రటి పిడి ఒక్కటీ చేతిలో పట్టుకుని, లేని తలుపుని తెరుస్తూ మూస్తూ ఉంటాడు. వచ్చేవాళ్ళూ మర్యాదగా నమ్మేస్తారు!

లోపాలు లేవా అంటే ఉన్నాయి. మొదటి నలభై నిమిషాలు చాలామందికి సాగదీసినట్టుంటుంది. కథ అనే తాడు లేదు. అమెరికన్ టూరిస్టు అమ్మాయి పాత్ర పలచన. పైగా ఉలో కోసం వెళ్తే ఉలోనే సరిగా దొరకడు, ఆయనలా కోటూ టోపీ వేసుకున్న ఉత్తుత్తి ఉలోలు తిరుగుతుంటారు. హీరోని జనంలో కలిపేయడం టాటీ కావాలని చేసిందే, టిక్కెట్లు తెగకపోవడానికి అదీ ఒక కారణమే. పైగా 70 ఎంఎం, స్టీరియో ఉన్న హాళ్ళలోనే వేయాలని పట్టుబట్టాడు. అలాంటి హాళ్ళెన్ని ఉంటాయి?

అప్పు మెడకి చుట్టుకుంది. ఇల్లు పోయింది. 1974లో ఆయన సినిమా సంస్థ దివాలా తీసింది, తన పాత సినిమాల మీద తనకే హక్కు లేకుండా పోయింది. కుర్ర దర్శకులకి పనికొస్తుంది, ఉంచండయ్యా అని బతిమాలినా సెట్‌ని కూలగొట్టేశారు. ప్లేటైమ్ తర్వాత తీసిన పెద్ద సినిమాలు ట్రాఫిక్, స్వీడన్ టీవీ కోసం పరాద్, అంతే. 1982 నవంబరులో పోయాడు.

వెర్షన్ సంగతి: మొదట్లో రెండున్నర గంటల దాకా ఉండేది, టాటీయే కోస్తూ పోయాడు. ఇప్పుడు దొరికేది దాదాపు 2 గంటల 4 నిమిషాలది, 2002లో బాగుచేసిన ప్రింటు నుంచి వచ్చింది తీసుకోండి. టాటీ కొత్తవాళ్ళు సెలవుల సినిమాతో మొదలుపెట్టి, తర్వాత మోనోంక్ల్, మూడోది ఇది. తిరగేసి చూస్తే విసుగొస్తుంది.

చివర్లో ట్రాఫిక్ సర్కిల్ చుట్టూ కార్లు రంగులరాట్నంలా తిరుగుతుంటాయి. ఆగిపోతాయి. ఒకాయన పార్కింగ్ మీటర్లో బిళ్ళ వేస్తాడు, రాట్నం మళ్ళీ కదులుతుంది. బొమ్మ చీకటయ్యాక కూడా పాట వస్తూనే ఉంటుంది, జనం లేచి వెళ్తుంటే వినబడాలని పెట్టింది. అది అయ్యేదాకా ఆపేయకండి.