చీలమండ చెప్పే చలి కబురు

[దృశ్యం: ఆఫీసు హాలు. గోడమీది థర్మోస్టాట్‌లో 23 అనే అంకె. ఒక ఉద్యోగిని శాలువా కప్పుకుని ఉంది. రెండు బల్లల అవతల ఒకాయన ఫైలుతో విసురుకుంటున్నాడు.]

వ్యాఖ్యాత: నమస్కారం. తెర మీద కనిపిస్తున్న ఇద్దరూ ఒకే ఏసీ కింద కూర్చున్నారు, అయినా ఒకరికి వణుకు, మరొకరికి ఉక్క. గోడమీది థర్మోస్టాట్ తన చుట్టూ ఉన్న గాలి వేడిమిని మాత్రమే కొలుస్తుంది కనుక, దాని లెక్కలో ఈ హాలుకు ఏ లోపమూ లేదు. ఒంటికి తొడిగే సెన్సర్లు ఈ తేడాను పట్టగలవా అన్నదే ఈనాటి సంగతి.

భవనాల లోపలి హాయిని లెక్కగట్టే పద్ధతికి పునాది వేసినవాడు డెన్మార్క్ శాస్త్రవేత్త పి.ఓ. ఫాంగర్. గాలి ఉష్ణోగ్రత, గోడలూ కిటికీల నుంచి తగిలే వేడి, గాలి వేగం, తేమ, ఒంటిమీది బట్టలు, శరీరం పుట్టించే వేడి అనే ఆరు అంశాలను కలిపి, ఒక గుంపుకు సగటున ఎలా అనిపిస్తుందో మైనస్ 3 (బాగా చలి) నుంచి ప్లస్ 3 (బాగా వేడి) దాకా అంచనా వేసే ఆయన సూత్రం 1970లో గ్రంథరూపంలో వెలువడింది. సగటు సరిగ్గా సున్నా దగ్గర నిలిచినా నూటికి అయిదుగురికి అసంతృప్తి తప్పదని ఆ పద్ధతే ఒప్పుకుంటుంది. మొదటి నాలుగు అంశాలను పరికరాలతో కొలవవచ్చు. చివరి రెండింటిని మాత్రం సాధారణంగా పట్టికల్లోంచి తీసుకుంటారు, చిక్కంతా అక్కడే ఉంది. ఆ పట్టికల్లోని శరీరం 40 ఏళ్ల వయసు, 70 కిలోల బరువు ఉన్న పురుషుడిది. కూర్చుని తేలికపాటి పని చేస్తున్న 16 మంది యువతులను పరిశీలించిన నెదర్లాండ్స్ పరిశోధకులు, స్త్రీల శరీరం పుట్టించే వేడిని ఈ పట్టికలు 35 శాతం వరకు ఎక్కువగా చూపగలవని 2015లో తేల్చారు. శాలువా కప్పుకున్న ఆమెది సుకుమారం కాదన్నమాట.

[దృశ్యం: అరచేయి, ముంజేయి. వేళ్ల కొనలు ఎరుపు నుంచి నీలానికి మారుతున్న ఉష్ణచిత్రం.]

చలి సోకగానే శరీరం తన లోపలి 37 డిగ్రీలను కాపాడుకోవడానికి వేళ్లకూ పాదాలకూ రక్తం చేర్చే నాళాలను కుదిస్తుంది. అందువల్ల ముంజేయి ఇంకా వెచ్చగా ఉండగానే వేళ్లు చల్లబడిపోతాయి. వేలి ఉష్ణోగ్రత 30 డిగ్రీలకు అటూ ఇటూ మారేచోట మనిషికి కలిగే అనుభూతి కూడా మారుతున్నట్టు కాలిఫోర్నియా విశ్వవిద్యాలయపు బర్క్లీ పరిశోధకులు గమనించారు. చర్మం వేడిమిని, గుండె వేగాన్ని, కదలికను కొలిచే చిన్న సెన్సర్లను ఒంటికి తొడిగితే, పట్టిక ఊహించిన శరీరానికి బదులు ఎదుట ఉన్న శరీరం సంగతే తెలుస్తుందన్న ఆలోచన ఇక్కడి నుంచే బలపడింది.

బర్క్లీ బృందం 2019లో ప్రచురించిన అధ్యయనంలో 14 మంది ఇటువంటి సెన్సర్లను రెండు నుంచి నాలుగు వారాల పాటు, రోజుకు కనీసం 20 గంటలు ధరించారు. ఇంకాస్త చల్లగా కావాలా, వెచ్చగా కావాలా, ఇలాగే ఉంటే చాలా అన్న ప్రశ్నకు మధ్యమధ్యలో జవాబిస్తూ వచ్చారు. ఆ జవాబులను సెన్సర్ల అంకెలతో జతచేసి కంప్యూటర్ ఒక్కొక్కరికి ఒక్కో నమూనాను, అంటే ఆ మనిషికి ఎప్పుడు ఏం కావాలో అంచనా వేసే లెక్కను, తయారుచేసింది. అందరూ గడియారం పెట్టుకునే మణికట్టు కంటే చీలమండ దగ్గరి చర్మం వేడిమే మనిషి కోరికను మెరుగ్గా పట్టిచ్చింది. స్మార్ట్ వాచీలు అమ్మేవారికి ఇది అంత రుచించే సంగతి కాదు.

ఆ నమూనాల కచ్చితత్వపు మధ్యగత విలువ (వరుసలో పెడితే నడుమ నిలిచే అంకె) 78 శాతం వరకు వచ్చింది. వినడానికి గొప్పగానే ఉంది, కానీ ఎక్కువమంది ఎక్కువసేపు "ఇలాగే ఉండనీ" అనే చోట, ఎప్పుడడిగినా "బాగానే ఉంది" అని ఊరుకునే నమూనాకు కూడా మంచి మార్కులే పడతాయి. కాకతాళీయంగా కుదిరిన జవాబుల వాటాను తీసివేసే కోహెన్ కప్పా అనే కొలతతో చూస్తే అదే ఫలితం 24 శాతం దగ్గర ఆగింది. చలి గానీ ఉక్క గానీ స్పష్టంగా ఉన్నప్పుడు నమూనాలు బాగా పనిచేశాయి, అటూ ఇటూ కాని వేళల్లో తడబడ్డాయి. సెన్సర్ల అంకెలనూ పూర్తిగా నమ్మలేం: మెట్లెక్కి వచ్చినా గుండె వేగం పెరుగుతుంది, సెన్సర్ పట్టీ వదులైనా చర్మం అంకె మారిపోతుంది.

[దృశ్యం: హైదరాబాద్ అపార్ట్‌మెంట్. తిరుగుతున్న సీలింగ్ ఫ్యాను, తెరిచిన కిటికీ.]

మన ప్రాంతానికి వస్తే, 2008లో హైదరాబాద్ అపార్ట్‌మెంట్లలో మాధవి ఇంద్రగంటి చేసిన క్షేత్ర పరిశీలనలో నివాసులకు 29 డిగ్రీల సమీపంలో హాయిగా ఉన్నట్టు, 26 నుంచి 32.5 డిగ్రీల దాకా సర్దుకోగలుగుతున్నట్టు తేలింది. పలుచని నూలు బట్టలు, ఫ్యాను, కిటికీ వారి చేతిలో ఉండడం ఇందుకు తోడ్పడింది. నా దృష్టిలో సెన్సర్ల ఉపయోగం కూడా ఇలా ఎవరి హాయిని వారి చేతికి ఇవ్వడంలోనే ఉంది. ఒకే ఏసీ యంత్రానికి 40 మంది చర్మాల కబురు అందించినా, అది చివరికి మళ్లీ ఒక సగటునే వెతుక్కుంటుంది. హాలును ఒకటి రెండు డిగ్రీలు వెచ్చగా ఉంచి, ఒక్కొక్కరి బల్ల మీది ఫ్యానునో, బర్క్లీలో రూపొందించినట్టు వేడినీ చల్లదనాన్నీ ఇచ్చే కుర్చీనో వారి సెన్సర్‌కు ముడిపెడితే, విద్యుత్తూ ఆదా అవుతుంది, శాలువా అవసరమూ తగ్గుతుంది.

అయితే గుండె వేగం యజమాని కంప్యూటర్‌లోకి చేరితే అది ఉద్యోగి ఒత్తిడినీ, అనారోగ్యాన్నీ కూడా బయటపెట్టగలదు. కాబట్టి లెక్కంతా ఉద్యోగి ఫోనులోనే జరగాలి, "ఫ్యాను వేగం పెంచు" అన్న ఒక్క ఆదేశమే భవనానికి వెళ్లాలి, పట్టీ తీసి సొరుగులో పెట్టినవారి బల్ల దగ్గర మామూలు స్విచ్ పనిచేస్తూనే ఉండాలి.