కొండదారిలో హబ్ గేర్లు: మీట కన్నా ముందు పళ్ళు చూడండి

సంధానకర్త: నమస్కారం. ఇవాళ గేర్ల సైకిళ్ళ గురించి మాట్లాడుకుందాం. అందులోనూ గేర్లన్నీ వెనక చక్రం నడిమి భాగం, అంటే హబ్ లోపలే ఉండే రకం. చదునైన రోడ్డు మీద దీనికి మంచి పేరే ఉంది. కొండ ఎక్కాలి అనేసరికి మాత్రం ‘అబ్బే, పనికిరాదు’ అనేస్తారు. మనతో ముగ్గురున్నారు. మెకానికల్ ఇంజినీరింగ్ పాఠాలు చెప్పే లెక్చరర్, సైకిల్ మెకానిక్, సామాను కట్టుకుని ఘాట్ రోడ్లు ఎక్కే రైడర్. మేడమ్, ముందు మీరు చెప్పండి. ఆ హబ్ లోపల ఏముంటుంది?

లెక్చరర్: మధ్యలో ఇరుసుకి బిగించిన సన్ గేర్ ఉంటుంది. దాని చుట్టూ చిన్న ప్లానెట్ గేర్లు, వాటిని చుట్టి రింగ్ గేర్. చెయిన్ శక్తి రింగ్‌లోకి వెళ్ళి, ప్లానెట్లని పట్టుకున్న చట్రం ద్వారా చక్రానికి చేరితే వేగం తగ్గి లాగుడు పెరుగుతుంది. ఆ దారి తిరగేస్తే వేగం పెరుగుతుంది. మధ్య గేర్‌లో స్ప్రాకెట్, అంటే హబ్ పక్కన చెయిన్ తిప్పే పళ్ళ చక్రం, ఎంత తిరిగితే చక్రమూ అంతే. స్టర్మీ ఆర్చర్ ఏడబ్ల్యూ అనే మూడు గేర్ల హబ్‌లో ఉన్నది ఇదే: చక్రం స్ప్రాకెట్ వేగంలో 75 శాతం, 100 శాతం, 133 శాతం వేగంతో తిరుగుతుంది.

సంధానకర్త: మూడు గేర్లతో కొండ ఎక్కొచ్చా?

రైడర్: ఎక్కొచ్చండీ. సగం దూరం దిగి తోసుకుంటూ.

మెకానిక్: అలా తీసిపారేయకండి సార్. మా దగ్గరికి వచ్చేవాళ్ళు ‘ఎన్ని గేర్లు?’ అనే అడుగుతారు. నేను మాత్రం పెడల్ దగ్గర ముందు పళ్ళెన్ని, చక్రం దగ్గర వెనక పళ్ళెన్ని అని అడుగుతాను. కొత్త సైకిల్ చదును రోడ్డుకి సరిపోయే పళ్ళతో వస్తుంది. దాన్ని అలాగే కొండకి తీసుకెళ్ళి, మోకాళ్ళు పట్టేశాయని హబ్‌ని తిడతారు. వెనక స్ప్రాకెట్ మార్చి పెద్దది వేస్తే గేర్లన్నీ ఒకేసారి తేలికవుతాయి. దానికయ్యే ఖర్చు కూడా పెద్దగా ఉండదు.

సంధానకర్త: అంకెల్లో చెప్పగలరా మేడమ్?

లెక్చరర్: తప్పకుండా. షిమానో నెక్సస్ 8 అనే ఎనిమిది గేర్ల హబ్ తీసుకోండి. దాని మొదటి గేర్ 0.527, అంటే స్ప్రాకెట్ ఒక చుట్టు తిరిగితే చక్రం 0.527 చుట్టు తిరుగుతుంది. ముందు 38 పళ్ళు, వెనక 20 పళ్ళు ఉంటే నిష్పత్తి 1.9. రెండూ గుణిస్తే దాదాపు 1. అంటే పెడల్ ఒక చుట్టు తిరిగితే చక్రమూ ఒక చుట్టే. మామూలు పెద్ద చక్రం అయితే 2.1 మీటర్లు. నిమిషానికి 60 చుట్లు తొక్కితే గంటకి ఏడున్నర కిలోమీటర్లు. ఇప్పుడు మనిషి, సైకిల్ కలిపి 90 కిలోలు, ఎక్కుడు 8 శాతం అనుకోండి. ఆ వేగానికి సుమారు 160 వాట్లు కావాలి. అలవాటున్న రైడర్ కాసేపు ఇస్తాడు. గంటసేపు ఇవ్వడం అందరి వల్లా కాదు.

రైడర్: సామాను కడితే అదీ చాలదు.

లెక్చరర్: అవును. 100 వాట్లే ఇవ్వగలిగే మనిషి అదే ఎక్కుడులో గంటకి ఐదు కిలోమీటర్ల లోపే వెళ్తాడు. ఆ వేగంలో నెక్సస్ మొదటి గేర్‌లో పెడల్ నిమిషానికి 40 చుట్లు కూడా తిరగదు. మోకాళ్ళ మీద భారం పడేది అక్కడే. రోలాఫ్ 14 గేర్ల హబ్‌లో మొదటి గేర్ 0.279. అదే 1.9తో గుణిస్తే 0.53. గంటకి నాలుగు కిలోమీటర్ల వేగంలోనూ పెడల్ 60 చుట్లు హాయిగా తిరుగుతుంది.

సంధానకర్త: అయితే వెనక ఇంకా పెద్ద స్ప్రాకెట్ వేసేస్తే నెక్సస్‌తోనే పని జరిగిపోదా?

మెకానిక్: అక్కడే ఆగాలి సార్. స్ప్రాకెట్ పెద్దదయ్యే కొద్దీ చెయిన్ లాగుడుకి హబ్ లోపల పడే టార్క్, అంటే తిప్పే బలం, పెరుగుతుంది. చిన్న చిన్న పళ్ళు, వాటిని పట్టి ఉంచే కొక్కేలు. ఎంత భారం మోస్తాయో తయారు చేసినవాళ్ళే చెప్తారు. రోలాఫ్‌కి ముందు, వెనక పళ్ళ నిష్పత్తి 1.9 కన్నా తగ్గకూడదు. బరువు 100 కిలోలు దాటిన మనిషికి, ఇద్దరు తొక్కే టాండెమ్‌కి ఆ హద్దు ఇంకా పైన ఉంటుంది. నెక్సస్ రకాలకి సుమారు 2 అంటారు. మేడమ్ చెప్పిన 1.9 కూడా అంచు మీదే.

లెక్చరర్: ఒప్పుకుంటాను. లెక్క తేలిగ్గా ఉండాలని తీసుకున్నాను.

సంధానకర్త: సార్, మీరు డిరైలర్ మనిషి, అంటే చెయిన్‌ని ఒక పళ్ళ చక్రం మీంచి ఇంకోదాని మీదికి జరిపే గేర్లు వాడతారు. హబ్ గేర్ల మీద మీకున్న అభ్యంతరం ఏమిటి?

రైడర్: గేర్ల మధ్య ఎడం. నెక్సస్ 8లో ఒకటికీ రెండుకీ మధ్య 22 శాతం తేడా ఉంది. ఒకటిలో 60 తిరుగుతున్న పెడల్‌ని అదే వేగంలో రెండులోకి వేస్తే 49కి పడిపోతుంది. ఒకటి మరీ వదులు, రెండు మరీ బిగువు. పొడుగాటి ఘాట్ మీద గంటసేపు ఈ రెండింటి మధ్య నలిగిపోతాం. రోలాఫ్‌లో ప్రతి మెట్టూ 13.6 శాతమే, ఆ బాధ లేదు. కానీ దాని ధరకి వేరే సైకిలే కొనొచ్చు. పైగా హబ్ ఒక్కటే 1.7 కిలోల పైచిలుకు, అదంతా వెనక చక్రంలోనే.

మెకానిక్: మరి రేంజ్, అంటే అన్నిటికన్నా తేలిక గేర్‌కి గట్టి గేర్ ఎన్ని రెట్లో చూడండి సార్. రోలాఫ్ 526 శాతం. ముందు ఒకే పళ్ళ చక్రం, వెనక 10 నుంచి 51 పళ్ళ దాకా ఉన్న చక్రాల వరస, అంటే క్యాసెట్, ఉన్న డిరైలర్ 510 శాతం. దగ్గర దగ్గరగా సమానమే. షిమానోదే 11 గేర్ల హబ్ ఆల్ఫైన్ 11 అయితే 409, నెక్సస్ 8కి 307.

రైడర్: శక్తి నష్టం సంగతో? హబ్‌లో కాస్త ఎక్కువే పోతుంది కదా.

లెక్చరర్: పోతుంది. ఏ గేర్‌లో ఎన్ని పళ్ళ జతలు పని చేస్తున్నాయన్న దాన్ని బట్టి ఉంటుంది. డైరెక్ట్ గేర్‌లో అన్నిటికన్నా తక్కువ. శుభ్రంగా తుడిచి నూనె వేసిన డిరైలర్‌తో పోలిస్తే కొన్ని శాతాల తేడా. బురద పట్టిన చెయిన్‌తో పోలిస్తే ఆ తేడా ఎటు మొగ్గుతుందో చెప్పలేం.

సంధానకర్త: తొక్కే పద్ధతి ఏమైనా మారుతుందా?

మెకానిక్: అసలు కిటుకు అదే. డిరైలర్‌కి పెడల్ తిరుగుతూ ఉండాలి. హబ్‌కి కాలు తేలికవ్వాలి. నిట్టనిలువు అప్‌లో బలంగా తొక్కుతూ మీట నొక్కితే గేర్ పడదు. ఒక్క అర చుట్టు పాదం వదులు చెయ్యండి, టక్కున పడుతుంది. బలం ఆపకుండా నొక్కీ నొక్కీ కొక్కేల అంచులు అరగ్గొట్టేవాళ్ళు ఉన్నారు.

రైడర్: ఒక విషయంలో మాత్రం హబ్‌దే పైచేయి. హెయిర్‌పిన్ మలుపులో ఎదురుగా లారీ వచ్చింది, గట్టి గేర్‌లోనే ఆగిపోయాం. డిరైలర్ అయితే వెనక చక్రం ఎత్తి పెడల్ తిప్పుకోవాలి. హబ్‌లో ఒక కాలు నేల మీద ఆనించి, అక్కడే మొదటి గేర్ వేసుకుని బయల్దేరొచ్చు.

సంధానకర్త: దారిలో పంక్చర్ అయితే?

మెకానిక్: ఓపిక కావాలి. ముందు కేబుల్ విప్పాలి, తర్వాత నట్లు. ఇరుసు తిరిగిపోకుండా పట్టే వాషర్లు రెండుంటాయి. ఏది ఎటుదో గుర్తు పెట్టుకుని అటే వెయ్యాలి. చక్రం బిగించాక నెక్సస్ 8ని నాలుగో గేర్‌లో పెట్టి, హబ్ పక్కనున్న చిన్న కిటికీలో రెండు గీతలు ఎదురెదురుగా ఉన్నాయో లేదో చూడండి. కాస్త పక్కకి ఉన్నా కేబుల్ నట్ తిప్పి కలపాలి. చదును మీద ఆ తేడా తెలియదు. అప్‌లో లేచి నిలబడి తొక్కినప్పుడు గేర్ జారి, పెడల్ ఒక్కసారిగా కిందికి పోతుంది.

సంధానకర్త: టైమ్ అయిపోతోంది. దిగేటప్పుడు జాగ్రత్తలు?

మెకానిక్: పెడల్ వెనక్కి తొక్కితే పడే కోస్టర్ బ్రేక్ ఉన్న హబ్ కొండకి వద్దు. ఆ వేడంతా హబ్ లోపలే పుడుతుంది. పొడుగాటి దిగుడులో గ్రీజు కరిగి కారిపోతుంది, బ్రేక్ సరిగ్గా పట్టదు. హబ్ పక్కన బిగించే రోలర్ బ్రేక్‌కీ వేడి సమస్య ఉంది. అదే హబ్‌లో డిస్క్ బ్రేక్ బిగించుకునే రకం దొరుకుతుంది, కొనేటప్పుడే అడిగి తీసుకోండి.

రైడర్: అది ఉంటే, స్ప్రాకెట్ మార్చి ఇస్తే, నేనూ ఒకసారి తొక్కి చూస్తాను. రెండో గేర్ సంగతి మాత్రం నా మాట నాదే.