ఫిట్స్ ఉన్నాయని ఆఫీసులో ఎవరికి చెప్పాలి, ఎంత చెప్పాలి

అందరికీ నమస్కారం. ఈరోజు నవంబరు 17, జాతీయ మూర్ఛ దినం. జబ్బు గురించి, మందుల గురించి డాక్టరు గారు ఇందాకే వివరంగా చెప్పారు. నా ఉద్యోగమంతా హెచ్ఆర్‌లో గడిచింది. మొదట పటాన్‌చెరు వైపు ఫ్యాక్టరీల్లో, ఆ తర్వాత మాదాపూర్‌లో. అంటే మీరు ఎవరికి చెప్పాలా వద్దా అని రాత్రుళ్లు ఆలోచిస్తారో, ఆ కుర్చీలో కూర్చున్నవాణ్ణి. కాబట్టి మొహమాటం లేకుండా మాట్లాడతాను.

చెబితే ఉద్యోగం పోతుందేమోనన్న భయం ఉత్తుత్తిది కాదు. ప్రొబేషన్‌లో ఉన్న కుర్రాడికి ఫిట్స్ ఉన్నాయని తెలిసి, నెల తిరక్కుండా పెర్ఫార్మెన్స్ బాగోలేదని పంపించేసిన కంపెనీలు ఉన్నాయి. ఆ కాగితంలో జబ్బు పేరు ఎక్కడా కనపడదు. 2016 నాటి దివ్యాంగుల హక్కుల చట్టంలో 21 రకాల వైకల్యాలు ఉన్నాయి. పార్కిన్సన్స్, మల్టిపుల్ స్క్లెరోసిస్ పేర్లు అందులో కనిపిస్తాయి గానీ మూర్ఛ పేరు విడిగా లేదు. అందుకని "చట్టం ఉందిగా, ధైర్యంగా చెప్పేయండి" అని మిమ్మల్ని ముందుకు తోయలేను.

అలాగని దాచేయమనీ అనను. ముందు మీ పని ఏమిటో చూసుకోండి. బస్సు, లారీ, క్రేన్ నడిపే పని, కొలిమి దగ్గర పని, ఎత్తు మీద నిలబడి చేసే పని అయితే ఆలోచించడానికేమీ లేదు. చేరకముందే చెప్పాలి, లేదా ఆ పని వదులుకోవాలి. డ్రైవింగ్ లైసెన్సుకి ఇచ్చే ఫారం 1లో మూర్ఛ ఉందా, అకస్మాత్తుగా స్పృహ తప్పుతుందా అని సూటిగానే అడుగుతారు. అక్కడ దాస్తే పోయేది మీ ఒక్కరి ప్రాణం కాదు.

కంప్యూటర్ ముందు కూర్చునే ఉద్యోగమైతే ఇంటర్వ్యూలో మీ అంతట మీరు చెప్పనక్కర్లేదు. కానీ మెడికల్ ఫారంలో "మూర్ఛ ఉందా" అన్న ప్రశ్న ఉంటే "లేదు" అని మాత్రం రాయకండి. అడగనిది చెప్పకపోవడం వేరు, అడిగినదానికి అబద్ధం రాయడం వేరు. జబ్బు కారణంగా తీసేయడానికి సందేహించే కంపెనీ కూడా తప్పుడు డిక్లరేషన్ అని చెప్పి నిమిషంలో తీసేస్తుంది. మా హెచ్ఆర్ వాళ్లకి అంతకంటే సులువైన దారి ఇంకొకటి ఉండదు. "ఉంది, మందులతో అదుపులో ఉంది, డాక్టరు సర్టిఫికెట్ జతచేశాను" అని రాయండి, చాలు.

అలాగని కంపెనీ ఏది పడితే అది అడగడానికీ వీల్లేదు. ఎల్ఐసీలో కొత్తగా చేరిన ఒక ఉద్యోగిని నీరా మాథుర్. చేరేటప్పుడు ఇచ్చిన ఫారంలో నెలసరి ఎప్పుడొచ్చింది, ఎన్నిసార్లు గర్భం దాల్చారు అని అడిగారు. కాన్పు సెలవు పెట్టాక, తప్పుడు వివరాలు రాశావని ప్రొబేషన్‌లోనే తీసేశారు. 1991లో సుప్రీంకోర్టు ఆమెను తిరిగి తీసుకోమంది, ఆ కాలమ్స్ ఫారంలోంచి తొలగించమంది. 1997లో బొంబాయి హైకోర్టు, హెచ్ఐవీ ఉన్న ఒక కార్మికుడి కేసులో, మనిషి పని చేయగలిగితే, పక్కవాళ్లకి ప్రమాదం లేకపోతే, జబ్బు పేరు చెప్పి ఉద్యోగం నిరాకరించకూడదంది. ఆ రెండూ ప్రభుత్వ సంస్థల మీద వచ్చిన తీర్పులు. ప్రైవేటు కంపెనీతో పోరాటం ఇంకా కష్టం. వాయిదాలకి తిరిగే ఓపిక, డబ్బు మీకు ఉన్నాయా అన్నది మీరే చూసుకోవాలి.

ఇక ఎవరికి చెప్పాలి? నన్నడిగితే మొదట పక్క సీటు మనిషికి. హెచ్ఆర్ ఎక్కడో నాలుగో అంతస్తులో ఉంటుంది. ఫిట్ వచ్చిన క్షణాన మీ పక్కన ఉండేది టీమ్‌లోని వాళ్లు. వాళ్లకి తెలియకపోతే ఒకరు తాళాల గుత్తి తెచ్చి చేతిలో పెడతారు, ఇంకొకరు నోట్లో చెంచా దూరుస్తారు, నలుగురు కాళ్లూ చేతులూ అదిమి పట్టుకుంటారు. ఈ లోపల ఎవడో ఒకడు వీడియో తీస్తుంటాడు! తాళాలతో ఫిట్ ఆగదు. చెంచాతో పళ్లు విరుగుతాయి. అందుకని ఒక నమ్మకమైన మనిషికి ఇంతే చెప్పండి: పక్కకి తిప్పి పడుకోబెట్టు, తల కింద మెత్తగా ఏదైనా పెట్టు, నోట్లో ఏమీ పెట్టకు, టైం చూడు, 5 నిమిషాలు దాటితే 108కి ఫోన్ చెయ్యి. చిన్నప్పటి నుంచీ జరిగిందంతా చెప్పుకోనక్కర్లేదు.

హెచ్ఆర్‌తో మాట్లాడేది మీకేదైనా మార్పు కావలసి వచ్చినప్పుడు. ఎక్కువగా వచ్చేది నైట్ షిఫ్ట్ సమస్య. నిద్ర చాలకపోతే చాలామందికి ఫిట్స్ వచ్చే అవకాశం పెరుగుతుంది, మన దగ్గరేమో అమెరికా టైమింగ్స్ ఉన్న ఉద్యోగాలు బోలెడు. "నాకు డే షిఫ్ట్ కావాలి, ఇదిగో డాక్టరు లెటర్, ఈ సంగతి గోప్యంగా ఉంచండి" అని మెయిల్ పెట్టండి. టీ తాగుతూ మేనేజర్‌కి చెప్పింది లెక్కలోకి రాదు, ఆయన మారిపోతే మళ్లీ మొదటికే వస్తుంది. మెయిల్‌కి తేదీ ఉంటుంది. నిన్నటిదాకా బాగున్న రేటింగ్ ఆ తేదీ తర్వాత హఠాత్తుగా పడిపోతే కంపెనీ జవాబు చెప్పుకోవలసి వస్తుంది. అలాంటి ఫైలు చేతికొస్తే మేం కూడా ఒకటికి రెండుసార్లు ఆలోచిస్తాం, లాయర్ని అడుగుతాం. ఆ మెయిల్, మీ పాత అప్రైజల్ లెటర్లు ప్రింట్ తీసి ఇంట్లో పెట్టుకోండి.

తల్లిదండ్రులు చాలామంది వచ్చారు కాబట్టి ఇంకో మాట. అమ్మాయిల విషయంలో మీ అసలు టెన్షన్ ఉద్యోగం కాదు, సంబంధాలు. ఆఫీసులో తెలిస్తే ఊళ్లో తెలుస్తుందని. హిందూ వివాహ చట్టంలో ఒకప్పుడు మూర్ఛ ఉన్నవాళ్ల పెళ్లికి అడ్డంకి ఉండేది, 1999 సవరణలో తీసేశారు. చట్టం మారింది గానీ పెళ్లిళ్ల పేరయ్యలు మారలేదు, ఒప్పుకుంటాను. అయినా ఆఫీసులో పడిపోయే ప్రమాదం ఆ అమ్మాయిది, చెప్పాలా వద్దా అన్న నిర్ణయమూ ఆ అమ్మాయిదే. దయచేసి హెచ్ఆర్‌కి నాన్నగార్లు ఫోన్ చేయకండి. మేం ఆ ఫోన్ తర్వాత మీ బిడ్డ గురించి ఏం అనుకుంటామో చెబితే బాగుండదు.

ఇక ప్రశ్నలు అడగండి. లేచి అడగడం ఇబ్బందైతే చీటీ మీద రాసి పంపండి, పేరు రాయనక్కర్లేదు. మందుల సంగతులు మాత్రం డాక్టరు గారినే అడగాలి.