ఒక్క అవయవానికి మెడికేర్

అధ్యక్షులకు, అమెరికాలోని మన తెలుగు సంఘం సభకు నమస్కారం. నా గురించి మిత్రులు అవసరానికి మించే చెప్పారు కనుక నేరుగా విషయంలోకి వస్తాను. అమెరికా వైద్యవ్యవస్థను అంచెలంచెలుగా సంస్కరించాలా, ఒక్కసారిగా సమూలంగా మార్చాలా అన్నది నాకిచ్చిన అంశం. టెక్సస్‌లో మూత్రపిండాల వైద్యుడిగా పనిచేసి విరమించిన మనిషిని. ఆ ఒక్క అవయవం చరిత్ర చెబితే ఈ వాదమంతా అందులోనే ఉందని నా నమ్మకం.

1960లో సియాటిల్‌లో బెల్డింగ్ స్క్రిబ్నర్ చేతి రక్తనాళాలకు టెఫ్లాన్ గొట్టం అమర్చి, పదేపదే డయాలిసిస్ చేసే వీలు కల్పించాడు. యంత్రాలు కొన్నే, రోగులు ఎందరో. ఎవరికి అవకాశం ఇవ్వాలో తేల్చడానికి పేర్లు బయటపెట్టని స్థానికులతో ఒక కమిటీ వేశారు. రోగికి పిల్లలెందరు, సంపాదన ఎంత, చర్చికి వెళతాడా అన్నవి కూడా ఆ కమిటీ చూసేది. 1971 నవంబరులో షెప్ గ్లేజర్ అనే రోగి ప్రతినిధుల సభకు చెందిన వేస్ అండ్ మీన్స్ కమిటీ ఎదుటే డయాలిసిస్ చేయించుకున్నాడు. మరుసటి ఏడాది సెనేటర్ వాన్స్ హార్ట్కీ తెచ్చిన సవరణను సెనేట్ అరగంట చర్చించి 52–3 ఓట్లతో ఆమోదించింది; అక్టోబరు 30న అధ్యక్షుడు నిక్సన్ సంతకం చేశాడు. అలా మూత్రపిండాలు పూర్తిగా చెడినవారికి, 65 ఏళ్లు నిండకపోయినా, వృద్ధులకు కేంద్రప్రభుత్వం ఇచ్చే ఆరోగ్యబీమా అయిన మెడికేర్ వచ్చింది.

అందరికీ బీమా ఎలాగూ త్వరలో వస్తుంది, ఈలోగా వీళ్లను బతికించుకుందాం అన్నది ఆనాటి ధీమా. ఆ బీమా రాలేదు. 1974లో దానికోసం సెనేటర్ ఎడ్వర్డ్ కెనడీ రాజీకి ముందుకు వచ్చినా, ఎన్నికల తర్వాత ఇంతకంటె మంచిది సాధించవచ్చని కార్మిక సంఘాలు ఒప్పుకోలేదు. తాత్కాలికం అనుకున్న ఆ ఏర్పాటే నేటికీ నడుస్తోంది.

ఇక నా రోగి సంగతి. హోటల్లో వంటచేసే నలభై ఏళ్ల మనిషి. రక్తపోటు ఉందని తెలుసు, మాత్రలు వేసుకునేవాడు. పని మారడంతో బీమా పోయింది, మాత్రలు ఆగాయి. టెక్సస్‌లో పిల్లలు లేని అతని వయసు మగవాళ్లకు, వికలాంగులైతే తప్ప, ఎంత పేదరికమున్నా మెడికెయిడ్ అనే పేదల ప్రభుత్వ బీమా రాదు. ముఖం ఉబ్బి, పడుకుంటే ఊపిరాడక, కుర్చీలో కూర్చునే రాత్రులు గడుపుతూ చివరికి ఎమర్జెన్సీకి వచ్చేసరికి మూత్రపిండాల పనితీరు చెప్పే రక్తపరీక్షలో అతని క్రియాటినిన్ పద్నాలుగు; ఒకటి చుట్టూ ఉండాల్సింది. అప్పుడు నేను 2728 అనే ఫారం మీద సంతకం చేశాను. ఇతని మూత్రపిండాలు ఇక కోలుకోవు అని ప్రభుత్వానికి వైద్యుడు ఇచ్చే ధ్రువపత్రం అది. నెలకు కొద్ది డాలర్ల మాత్రలు ఇవ్వలేని ప్రభుత్వం, ఏడాదికి లక్ష డాలర్లకు దగ్గరపడే డయాలిసిస్ ఖర్చును మాత్రం భరించడానికి సిద్ధపడింది. చేతులు కాలేదాకా ఆకులు ఇవ్వకూడదని చట్టమే చెప్పినట్టుంది!

కథ అక్కడితో ఆగలేదు. అతనికి మూత్రపిండం మార్పిడి జరిగింది. కొత్త అవయవాన్ని శరీరం తిరస్కరించకుండా రోజూ వేసుకోవలసిన మందులకు మెడికేర్ 36 నెలలే డబ్బు కట్టేది. గడువు తీరాక అతను ఎవరికీ చెప్పకుండా రోజు విడిచి రోజు వేసుకోసాగాడు. అవయవం పోయింది, డయాలిసిస్‌కు తిరిగి వచ్చాడు, అదే మనిషికి అదే 2728 మీద నేను రెండోసారి సంతకం పెట్టాను. ఈ లొసుగును కాంగ్రెస్ సరిదిద్దింది 2020 డిసెంబరులో; అది అమలైంది 2023 జనవరిలో. మళ్లీ చెబుతున్నాను, వినండి: మొదటి మెట్టు 1972, మాత్రల మెట్టు 2020.

అయితే సమూల మార్పే దారి అంటారా? అందరికీ బీమా కావాలని 1945లో అధ్యక్షుడు ట్రూమన్ అడిగాడు, దక్కలేదు. 1993లో అధ్యక్షుడు క్లింటన్ అందుకోసమే తెచ్చిన బిల్లు మరుసటి ఏడాదికే మూలబడింది. 1972 నాటి సవరణ కూడా లేకపోయి ఉంటే నా రోగి ఆ మొదటి రాత్రి తర్వాత ఎక్కువ రోజులు ఉండేవాడు కాడు. కనుక మెట్లు వద్దని నేను అనను. తేదీ లేని మెట్టు వద్దంటాను. 2003 చట్టం మెడికేర్ మందుల బీమాలో, రోగే సొంత డబ్బు పెట్టుకోవలసిన ఒక పెద్ద ఖాళీ వదిలింది. ఒబామాకేర్ అని పిలిచే 2010 చట్టం ఆ ఖాళీని ఏ ఏడాది ఎంత తగ్గించాలో 2020 వరకు లెక్కగట్టి రాసింది, అది జరిగింది కూడా. అదే చట్టంలోని, మెడికెయిడ్‌ను మరింతమంది పేదలకు ఇచ్చే విస్తరణను 2012లో సుప్రీంకోర్టు రాష్ట్రాల ఇష్టానికి వదిలేయడంతో టెక్సస్, ఫ్లోరిడా, జార్జియా ఇంకా పూర్తిగా ఒప్పుకోనే లేదు. తేదీ రాసినదానికీ ఇష్టానికి వదిలినదానికీ తేడా ఇదే.

ఊళ్లో మాకు ఆరోగ్యశ్రీ ఉంది, ఇక్కడి గొడవ మాకెందుకు అనే పెద్దలు కూడా ఈ సభలో ఉన్నారు. ఆపరేషన్‌కు డబ్బు వచ్చినంత తేలికగా అక్కడ మీకు నెలనెలా బీపీ మాత్ర అందుతోందా, ఇంటికెళ్లి ఆలోచించండి.

అమెరికా పౌరసత్వం వచ్చినవారికి ఒక్క విన్నపం. ఎన్నికల ముందు ప్రతి అభ్యర్థీ మన సంఘానికి వచ్చి శాలువా కప్పించుకుంటాడు. ఈసారి ఎవరు వచ్చినా, మీ పథకంలో రెండో మెట్టు ఏ సంవత్సరంలో, అది బిల్లులో ఏ పేజీలో ఉంది అని అడగండి. చెప్పలేకపోతే శాలువా కప్పండి, మర్యాదకు లోటు చేయవద్దు. విరాళం చెక్కు మాత్రం జేబులోనే ఉంచుకోండి.