పాతవాము గడ్డి, పెరటి పాదులు

శ్రోతలకు నమస్కారం.

పర్లాకిమిడి నుంచి కాశీనగర్ మీదుగా గుణుపురం దాకా ఏ పల్లెకు వెళ్లినా, కొత్త వాము, అంటే గడ్డిమేటు, వేసే వేళకు నిరుటి వాము అడుగున కొంత గడ్డి మిగిలే ఉంటుంది. వానకు నాని, నల్లబడి, బూజు వాసన వేసే ఆ గడ్డిని పశువులు ముట్టవు. ఇళ్లలో పశువులే తగ్గిపోయిన ఈ రోజుల్లో మంచి గడ్డి సైతం మిగిలిపోతోంది. దానికి అగ్గిపెట్టి వదిలించుకుంటుంటే చూడడానికి నాకు మనసొప్పదు. వేసవిలో వంగ, బెండ, ఆనప మొదళ్ల చుట్టూ పరచి నేల తడి ఆరకుండా కాపాడుకోవడానికి అంతకన్న చవకైన సరుకు మనకు దొరకదు. అయితే దాన్ని ముందు సగం మాగించాలి.

సగమే ఎందుకంటే, పూర్తిగా మాగిన గడ్డి గత్తమవుతుంది, అంటే పొడి ఎరువైపోతుంది. అది మట్టిలో కలపడానికి మేలైనదే గాని, పైకప్పుగా ఎక్కువ కాలం నిలవదు. అలాగని ఎండుగడ్డిని నేరుగా పరిస్తే చెదలు చేరతాయి, అందులో మిగిలిన ధాన్యపు గింజలూ ఊద గింజలూ పాదులోనే మొలుస్తాయి. ఆ గింజలు చావాలంటే మాగే కుప్ప నడుమ 55 డిగ్రీలకు మించిన వేడి కొన్ని రోజుల పాటు నిలవాలి. వరిగడ్డిలో ఒక పాలు నత్రజనికి కర్బనం సుమారు 60 నుంచి 80 పాళ్లు ఉంటుంది. కుళ్లబెట్టే సూక్ష్మజీవులకు 25 నుంచి 30 పాళ్లయితే అనువు. అంటే గడ్డిలో నత్రజని చాలదు, ఆ లోటును పేడ తీరుస్తుంది. 1924 తరువాత ఇండోర్‌లో ఆంగ్లేయ వ్యవసాయ శాస్త్రవేత్త ఆల్బర్ట్ హోవార్డ్ రూపుదిద్దిన ఎరువు తయారీ పద్ధతికి కూడా చెత్త, పేడ, నీరు, గాలి ఇవే ఆధారం.

ఇక మా వదినగారి కుప్ప సంగతి చెబుతాను. మహేంద్రతనయ ఒడ్డున వాళ్ల పెరడు. ఏటా అక్కడ గడ్డి మాగుతుంది. ఆవిడ ముందుగా నేల మీద కందికట్టెలు అడ్డదిడ్డంగా పరుస్తారు, అడుగు నుంచి గాలి ఆడడానికి. పక్కనే కుడితి తొట్టిలో పేడనీళ్లు కలిపి ఉంచుతారు. ముక్కుకు గుడ్డ కట్టుకుని, ఎందుకంటే బూజుపట్టిన గడ్డి దుమ్ము ఊపిరితిత్తులకు మంచిది కాదు, చేతికి పట్టినంత గడ్డిని తీసుకుని ఆ తొట్టిలో ముంచి, నాననిచ్చి, నీరు కారుతుండగానే తీసి, జానెడు మందాన పరుస్తారు. దాని మీద గుప్పెడు గుప్పెడుగా పాత గత్తం చల్లి, మళ్లీ తడిపిన గడ్డి వేస్తారు. అలా ఛాతీ ఎత్తు దాకా పేర్చి, తాటాకులు కప్పుతారు.

ఇంత శ్రమ ఎందుకు, కుప్ప వేశాక పైనుంచి నాలుగు బిందెలు పోస్తే చాలదా అని అడిగాను. “ఎన్ని పోసినా లోపలికి దిగవు బాబూ. ఇంటి మీద నేసేది ఈ గడ్డే కదా, వాన లోపలికి రానిస్తుందా?” అన్నారు.

ఆ మాటలోనే కిటుకంతా ఉంది. వరిగడ్డి పరకకు మైనపు పూతలాంటి నునుపు ఉంటుంది. పైన పోసిన నీరు పరకల వెంట జారి పక్కలకు పోతుంది. కుప్ప పైకి తడిగా కనబడుతుంది, నడుమ మాత్రం పొడిగానే ఉంటుంది, పొడిగా ఉన్నచోట ఏదీ మాగదు. కనుక పేర్చేటప్పుడే తడపాలి, పేర్చాక కాదు. మళ్లీ చెబుతున్నాను: పేర్చేటప్పుడే తడపాలి. తడి సరిపోయిందో లేదో చూడాలంటే, నడుమ నుంచి గుప్పెడు తీసి గట్టిగా పిండండి. ఒకటి రెండు బొట్లు రాలితే సరి, ధార కడితే ఎక్కువైనట్టు.

ఐదారు రోజులకు ఇనుప గునపాన్ని కుప్పలోకి గుచ్చి, కాసేపుంచి తీసి ముట్టుకోండి. చేయి నిలపలేనంత వేడి ఉంటే కుప్ప పని చేస్తోందన్నమాట. ఆ వేడి తగ్గుముఖం పట్టాక వెలుపలి గడ్డి లోపలికి, లోపలిది వెలుపలికి వచ్చేలా తిరగవేయాలి. లేకపోతే అంచుల్లోని గింజలు బతికే ఉంటాయి. తిరగవేసేటప్పుడు పొడిగా కనబడిన భాగాన్ని మళ్లీ తడపాలి. కుప్ప కింద కారే ఎర్రనీటిని పారనివ్వకండి, గడ్డిలోని పొటాష్ ఆ నీటితోనే పోతుంది. పట్టి తిరిగి కుప్ప మీదే పోయండి.

పరక ముదురు గోధుమ రంగుకు తిరిగి, లాగితే తేలిగ్గా తెగుతూ, ఇంకా పరకగానే గుర్తుపట్టేలా ఉన్నప్పుడు వాడుకోవచ్చు. కుప్ప బాగా చల్లారాక, ముందు పాదుకు నీరు పెట్టి, తడినేల మీద రెండు మూడు అంగుళాల మందాన పరచండి. కాండానికి నాలుగు వేళ్ల ఎడం వదలండి. తొలకరి పడ్డాక ఆ ఎడాన్ని మరికొంత పెంచాలి, ఎందుకంటే వానాకాలంలో తడిగడ్డి కాండానికి ఆనుకుంటే మొదలు కుళ్లుతుంది, నత్తలు కూడా అక్కడే చేరతాయి.