బడి గోడ మీద అమరుడి పేరు

(దృశ్యం: కారంపూడి వీరుల గుడి. జనం, డప్పులు, ఆయుధాలు.)

పల్నాటి యుద్ధం జరిగి ఎనిమిది వందల ఏళ్లు దాటింది. ఇప్పటికీ ఏటా కార్తీక అమావాస్య రాగానే కారంపూడిలో అయిదు రోజులు వీరుల ఉత్సవం జరుగుతుంది. ఆ వీరుల గుర్తుగా కొణతాలు, అంటే వాళ్ల ఆయుధాలు, మోసుకొస్తారు. పోరులో పోయినవాళ్లను ఇంత శ్రద్ధగా తలచుకునే గుంటూరు సీమలో, బడుల్లో మాత్రం ఎందుకు తడబడుతున్నాం?

(దృశ్యం: బడి వరండా, గోడకు శిలాఫలకం.)

ఒక బడిలో చూసిన ఫలకం నన్ను చాలా బాధపెట్టింది. పైన ఆవిష్కరించినవారి పేరు, కింద ముఖ్య అతిథులు, దాతలు. ఆ బడిలో చదివి యుద్ధంలో చనిపోయిన కుర్రాడి పేరు అన్నిటికంటే కింద, చిన్న అక్షరాల్లో. ఇంటిపేరు కూడా పూర్తిగా లేదు, పొడి అక్షరం ఒక్కటే.

ఢిల్లీలో 2019 ఫిబ్రవరి 25న ప్రారంభమైన జాతీయ యుద్ధ స్మారకం చూడండి. పాతిక వేలకు పైగా పేర్లు, ఒక్కొక్కరికి ఒక్కో గ్రానైట్ పలక. అధికారికైనా సిపాయికైనా అదే సైజు.

(దృశ్యం: పాత అడ్మిషన్ రిజిస్టర్. పేజీలు తిరుగుతుంటాయి.)

మీ బడిలో స్మారకం పెట్టాలనుకుంటే రాయి కొనేముందు ఈ రిజిస్టర్ తెరవండి. పూర్తి పేరు, తండ్రి పేరు, పుట్టిన తేదీ ఇందులో దొరుకుతాయి. ఇటీవలి అమరుల వివరాలకు జిల్లా సైనిక సంక్షేమ కార్యాలయానికి వెళ్లండి.

రెండో ప్రపంచ యుద్ధం నాటివాళ్లను వెతకడం కాస్త కష్టం. కామన్వెల్త్ యుద్ధ సమాధుల కమిషన్ వెబ్‌సైట్‌లో పేరు కొట్టి వెతకొచ్చు. చాలామంది భారత సైనికులకు తండ్రి పేరు, ఊరు కూడా ఉంటాయి. కానీ విజయవాడ అని వెతికితే దొరక్కపోవచ్చు. అప్పట్లో అది బెజవాడ. కృష్ణాను ఇంగ్లీషులో ‘కిస్ట్నా’ అని రాసేవారు. ఒంగోలువాళ్లు గుంటూరు జిల్లా కింద ఉంటారు, ప్రకాశం జిల్లా ఏర్పడింది 1970లోనే కదా. ఇంటిపేరు ముందో వెనకో పడి ఉండొచ్చు, అసలు లేకపోనూ వచ్చు. ఓపిగ్గా, రెండు మూడు రకాల స్పెల్లింగులతో చూడండి.

(దృశ్యం: నల్ల గ్రానైట్ పలక, పక్కన చేతిరాత కాగితం.)

చీమకుర్తి నల్లరాయి మనకు దగ్గరే. రంగుతో రాయించకండి, వెలిసిపోతుంది, చెక్కించండి. ఇంటిపేరు, పేరు, ఊరు, రెజిమెంట్, మన బడిలో చదివిన ఏళ్లు, అమరుడైన తేదీ, స్థలం. ఆవిష్కరించినవారి పేరు అక్కర్లేదు.

చెక్కించేముందు ఆ అక్షరాలను అసలు సైజులో కాగితం మీద రాసి ఆ అమరుడి ఇంటికి తీసుకెళ్లండి. తల్లో, తమ్ముడో, మనవడో ఒక్కో అక్షరం చదివి సరే అన్నాకే రాయి పని మొదలుపెట్టించండి.